తొలి తప్పు ఎవరి చెవి మీద

1791లో డెన్మార్క్ రాజవైద్యుడు యోహాన్ జస్ట్ ఫాన్ బెర్గర్ తన చెవుడూ చెవిలో హోరూ తగ్గుతాయన్న ఆశతో చెవి వెనుక ఎముకకు రంధ్రం పెట్టించుకున్నాడు. ఐరోపాలో ఆ ఆపరేషన్ అప్పటికి కొత్తది. పారిస్‌లో జాఁ లూయీ పెటీ చీము పట్టిన ఆ ఎముకను, అంటే మాస్టాయిడ్ ఎముకను, తెరిచి రోగులను బతికించిన సంగతి ఆయన చనిపోయిన చాలా ఏళ్ళకు, 1774లో అచ్చయింది. మరో రెండేళ్ళకు యాసర్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు ఒక సిపాయి చెవి వెనుక అదే పని చేసి మంచి ఫలితం చూశాడు. వాళ్ళిద్దరూ ఎముక తెరిచింది లోపల చిక్కుకున్న చీముకు దారి ఇవ్వడానికి. బెర్గర్ బాధ వేరు, ఆయన ఎముక తెరిపించుకున్నది వినికిడి కోసం. ఆపరేషన్ తర్వాత మెదడు పొరలకు వాపు వచ్చి కొద్ది రోజుల్లోనే కన్నుమూశాడు. రోగి పేరున్నవాడు కావడంతో ఆ కబురు వైద్యులందరికీ పాకింది. మాస్టాయిడ్ ఎముక జోలికి వెళ్ళడమే మహాపాపం అన్నట్టు వాళ్ళు దాదాపు ఎనభై ఏళ్ళు దానికి దూరంగా ఉండిపోయారు. ఆ ఎనభై ఏళ్ళలో చెవిలోని చీము మెదడుకు ఎక్కి ఎంతమంది పిల్లలు పోయారో లెక్క లేదు. ఆపరేషన్ వల్ల పోయిన ఒక్క రాజవైద్యుడి పేరు చరిత్రలో నిలిచింది. ఆపరేషన్ లేక పోయినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

చెవి శస్త్రచికిత్స కథను ఈ చావు దగ్గర ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఈనాడు హాంబర్గ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కోపెన్‌హాగెన్‌లోనో ఒక యువ డాక్టర్ కంప్యూటర్ తెర ముందు కూర్చుని, పెన్ను లాంటి పరికరం చేతపట్టి, లేని ఎముకను తొలుస్తూ ఉంటే చూసేవాళ్ళకు అది కొత్త కాలపు వింతలా ఉంటుంది. నాకు మాత్రం అది చాలా పాత ప్రశ్నకు దొరికిన తాజా జవాబులా కనిపిస్తుంది. చెయ్యి ఇంకా కుదరనివాడు చేసే తొలి తప్పు ఎక్కడ జరగాలి అన్నదే ఆ ప్రశ్న. చెవి వైద్యం ఒక పెద్ద అడుగు ముందుకు వేసినప్పుడల్లా, రోగి దగ్గరికి వెళ్ళకముందే తప్పు చేసి చూసుకునే చోటు ఒకటి సిద్ధంగా ఉంది. ఆ చోటు లేనప్పుడు, బెర్గర్ తర్వాత జరిగినట్టు, వైద్యం చేతులు ముడుచుకుంది. వర్చువల్ రియాలిటీ, మనం పొట్టిగా వీఆర్ అనేది, ఆ చోట్ల వరసలో ఇప్పటికి చివరిది. దాని మంచిచెడ్డలను ఆ వరసలో నిలబెట్టి చూస్తేనే న్యాయంగా తూచగలం.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. బెర్గర్ పోయింది డాక్టరుకు సాధన లేక కాదు, సూక్ష్మజీవుల సంగతి ఆ కాలానికి తెలియక అని. అందులో చాలా నిజం ఉంది. సర్జన్ లిస్టర్ క్రిమినాశక పద్ధతిని ప్రకటించింది 1867లో. అంతకు ముందు కత్తి పెట్టిన ప్రతి చోటా చీము పొంచి ఉండేది. అయితే సూక్ష్మజీవులు బెర్గర్ ఎందుకు చనిపోయాడో చెబుతాయి గానీ ఆ చెవిని అసలెందుకు తెరిచారో చెప్పవు. చీము లేని చెవిలో ఎముక తొలిస్తే వినికిడి వస్తుందని అనుకోవడం, ఆ ఎముక లోపల ఏముందో, ఏది దేనికి ఎంత దూరంలో ఉందో చేతితో తెలియకపోవడం వల్ల వచ్చిన పొరపాటు. 1873లో హాలె నగరపు వైద్యుడు హెర్మన్ ష్వార్ట్జె తన సహచరుడు ఐజెల్‌తో కలిసి మాస్టాయిడ్ ఆపరేషన్‌ను మళ్ళీ నిలబెట్టినప్పుడు ఆయన తెచ్చింది శుభ్రత ఒక్కటే అయితే అది అంత త్వరగా పాఠంగా మారేది కాదు. ఏ రోగికి తెరవాలి, ఎక్కడ తెరవాలి, ఎంత లోతుకు పోవచ్చు అన్న లెక్క ఆయన దగ్గర ఉంది. ఆ లెక్క చచ్చినవాళ్ళ చెవుల నుంచి వచ్చింది.

ఆ ఎముక ఎంత ఇరుకైనదో చెప్పకపోతే ఈ వాదన గాలిలో మాటలా ఉంటుంది. చెవి వెనుక వేలు పెడితే తగిలే బుడిపె లోపల గట్టి రాయిలా ఉండదు. గాలి నిండిన చిన్న చిన్న గదులు ఉంటాయి. ఆ గదులకు పైకప్పు మెదడు పొర. వెనుక గోడ కింద సిగ్మాయిడ్ సైనస్ అనే పెద్ద రక్తనాళం, తలలోని చెడు రక్తాన్ని మెడకు దించేది. లోపలి వైపు శరీరం తూగు తప్పకుండా చూసే అర్ధవృత్తాకార కుల్యలు. వీటి మధ్యగా సుమారు మూడు సెంటీమీటర్లు ఎముక గొట్టంలో మెలికలు తిరుగుతూ పోయేది ముఖనాడి. అది తెగితే ఆ పక్క కన్ను మూతపడదు, నోరు వంకరపోతుంది. ఆ మనిషి నవ్వు జన్మంతా సగమే. ఇంకా లోపల స్టేపిస్ అనే ఎముక, మన ఒంట్లోకెల్లా చిన్నది, మూడు మిల్లీమీటర్ల ఎత్తు. పొట్టలో ఆపరేషన్ చేసే డాక్టరుకు పేగును పక్కకు జరిపి వెనుక ఏముందో చూసుకునే వీలుంది. చెవి డాక్టరుకు పక్కకు జరపడానికి ఏమీ లేదు, ఎముకను తొలిచి పారెయ్యడమే. ఏది దాటకూడదో అది కంటికి కనిపించేది దాదాపు దాని మీదికి వచ్చాకే. ఎముక కోడిగుడ్డు పెంకంత పల్చబడగానే రంగు మారుతుంది, రక్తనాళం మీద నీలం తేలుతుంది, డ్రిల్ చప్పుడులో శ్రుతి మారుతుంది. ఈ గుర్తులు పుస్తకంలో చదివితే రావు. ఒకసారి దాటిపోయి చూసినవాడికే ఆగడం తెలుస్తుంది. చెవి విషయంలో చిక్కంతా అక్కడే ఉంది.

సాధన ముందు, రోగి తర్వాత అన్న నియమాన్ని మనకు తెలిసినంతలో అతి వివరంగా రాసిపెట్టినవాటిలో సుశ్రుత సంహిత ఒకటి. సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం మొత్తం దీని గురించే. శాస్త్రమంతా చదువుకున్న శిష్యుడైనా చేతిపని సాధన చెయ్యకపోతే వైద్యానికి పనికిరాడని అది తేల్చి చెబుతుంది. తర్వాత ఏ పనికి ఏ వస్తువు అని వరసగా చెబుతుంది. కోయడానికి బూడిదగుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. చీల్చడానికి నీళ్ళూ బురదా నింపిన తోలుసంచులు. గీకడానికి వెంట్రుకలున్న తోలు. నరం పొడవడానికి చచ్చిన పశువు నరాలు, కలువ కాడలు. లోపల ఇరుక్కున్నదాన్ని లాగడానికి పనస, మారేడు పండ్ల గుజ్జు, చచ్చిన పశువు పళ్ళు. పుండు లోతు వెతకడానికి పురుగు తొలిచిన కర్ర, వెదురు గొట్టం. కట్టు కట్టడానికి మనిషి బొమ్మ. ఈ జాబితాలో చెవికి విడిగా చోటు ఉండటం గమనించాలి: తెగిన చెవి తమ్మెను అతికే పనిని మెత్తని మాంసం ముక్కల మీదా కలువ కాడల మీదా సాధన చేయమంటుంది. అదే సూత్రస్థానంలో మరోచోట చెవి తమ్మెలు అతికే పదిహేను పద్ధతులు చెప్పింది కాబట్టి ఆ సాధనకు అంత శ్రద్ధ అవసరమైంది.

ఇది చదివి వీఆర్ మన ప్రాచీనులకే తెలుసని చెప్పుకోవడం సుశ్రుతుడికి గౌరవం కాదు. ఆయన అతికింది చెవి బయటి తమ్మెను. ఎముక లోపలి చెవి ఆ గ్రంథానికి అందలేదు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సొరకాయ మనిషి ఒంటిలా ఉండదని ఆయనకు తెలుసు. అయినా ఒక్కో వస్తువును ఒక్కో పనికి విడగొట్టి ఎంచాడు. మొత్తం మనిషికి నకలు వెతకలేదు. కోతకు కావలసిన ప్రతిఘటన దోసకాయలో ఉంది, నరం జారిపోయే గుణం కలువ కాడలో ఉంది, ఆ పూటకు అది చాలు. సాధన వస్తువు అసలుకు ఎంత దగ్గరగా ఉందని కాక, నేర్వాల్సిన ఒక్క కదలికలో ఎంత నిజంగా ఉందని అడగాలన్న ఈ తెలివిని, వీఆర్ గురించి వాదించుకునే ఇప్పటివాళ్ళలో చాలామంది మర్చిపోతున్నారు. ఈ సంగతి మళ్ళీ అవసరపడుతుంది.

లోపలి చెవికి సాధన చోటు శవాల గదిలో దొరికింది. లండన్ వైద్యుడు జోసెఫ్ టోయిన్‌బీ పందొమ్మిదో శతాబ్దం నడుమ రెండు వేల దాకా చెవులను కోసి చూశాడు. ఆ నమూనాల పట్టికను 1857లో అచ్చువేశాడు. బతికుండగా చెవుడుతో తిరిగిన మనిషి చెవిలో, చనిపోయాక, స్టేపిస్ కదలకుండా బిగుసుకుపోయి ఉండటం ఆయన పదే పదే చూసి రాసుకున్నాడు. చెవిలో హోరుకు మందు వెతుకుతూ తన మీదే క్లోరోఫాం ప్రయోగం చేసుకుని 1866లో ఆయన చనిపోయాడు. ష్వార్ట్జె వ్యాసం వెలువడిన 1873లోనే వియన్నా పెద్దాసుపత్రిలో చెవికి ప్రత్యేక క్లినిక్ తెరిచారు, దాన్ని నడిపినవారిలో ఆడమ్ పోలిట్జర్ ఒకడు. ఆయన దగ్గర చదువుకోవడానికి దేశదేశాల నుంచి వైద్యులు వియన్నాకు ప్రయాణం కట్టారు. ఉపన్యాసం కోసమైతే అంత దూరం అక్కర్లేదు, పుస్తకాలు చాలు. వియన్నాలో చెవి ఎముకలు దొరికేవి, వాటిని ఎలా విప్పాలో చూపించే చెయ్యి ఉండేది. ఎముకా, గురువు చెయ్యీ ఒకే బల్ల మీద కలవడమే ఆ ఊరి పేరుకు మూలం.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ బల్ల మీదికి సూక్ష్మదర్శిని వచ్చింది. 1921లో స్టాక్‌హోంలో కార్ల్ ఓలోఫ్ నైలేన్ ఒంటికన్ను సూక్ష్మదర్శినితో చెవి ఆపరేషన్ చేశాడు, మరుసటేడు గున్నార్ హోల్మ్‌గ్రెన్ రెండు కళ్ళతో చూసేదాన్ని వాడాడు. 1953లో జైస్ కంపెనీ ఆపరేషన్ సూక్ష్మదర్శిని వచ్చేనాటికి జర్మనీలో వుల్‌స్టైన్, త్సోల్నర్ పాడైన కర్ణభేరిని తిరిగి కట్టే పద్ధతి మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో శామ్యూల్ రోజెన్ కథ ఈ వ్యాసానికి మరీ దగ్గరిది. 1952లో ఒక రోగి చెవిలో స్టేపిస్ బిగుసుకుందో లేదో పరీక్షిస్తూ దాన్ని కాస్త నొక్కగానే అది వదులై, బల్ల మీద పడుకున్న రోగికి ఉన్నట్టుండి మాటలు వినిపించాయి. టోయిన్‌బీ శవాల్లో చూసిన జబ్బు వందేళ్ళ తర్వాత బతికిన మనిషిలో వదిలింది. అనుకోకుండా జరిగిన ఆ కదలికను కావాలని చేయగలిగే నేర్పుగా మార్చడానికి రోజెన్ మళ్ళీ శవాల చెవుల దగ్గరికే వెళ్ళాడు. ఎంత బలం, ఏ వైపు, ఏ పరికరం అన్నది అక్కడే తేల్చుకున్నాడు. లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ మెదడు అడుగున లోపలి చెవికి కొత్త దారులు వేసింది కూడా మొదట డ్రిల్లూ సూక్ష్మదర్శినీ పెట్టుకుని శవాల ఎముకల్లోనే. చెవిలోకి విద్యుత్ పరికరం అమర్చే తొలి ప్రయత్నాలు ఆయన చేసింది 1961లో. అప్పటి నుంచి, చెవి అంతా ఇమిడి ఉండే కణత ఎముకను తొలిచే ప్రయోగశాల ఈఎన్‌టీ శిక్షణలో విడదీయరాని భాగమైంది.

ఇంతవరకు కథ సాఫీగా ఉంది, కానీ దాని కింద ఒక అప్పు ఉంది. ఆ ఎముకలు ఎవరివి? 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు శవాలు అమ్ముకోవడానికి మనుషులనే చంపారు. ఆ గగ్గోలు తర్వాత 1832లో బ్రిటన్ చేసిన చట్టం, ఎవరూ అడగని శవాలను వైద్య కళాశాలలకు ఇప్పించింది. ఎవరూ అడగని శవం అంటే ఆచరణలో పేదల సత్రంలో పోయిన మనిషి. మన దేశంలో 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదం చేసి కట్టుబాటును దాటినప్పటి నుంచి ఇక్కడా అదే దారి. దేహదానం పెరిగేదాకా దిక్కులేని శవమే విద్యార్థికి ఆధారం. చెవి వైద్యం నేర్చిన ప్రతి చెయ్యీ ఇలాంటి పేరులేని మనుషులకు రుణపడి ఉంది. వాళ్ళను ఎవరూ అనుమతి అడగలేదు. 1999లో లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే ఆసుపత్రి చనిపోయిన పిల్లల అవయవాలను తల్లిదండ్రులకు చెప్పకుండా దాచిందని బయటపడటంతో బ్రిటన్ 2004లో కొత్త చట్టం చేసింది. అది న్యాయం. దానితో పాటే అక్కడ సాధనకు కణత ఎముకలు దొరకడం కష్టమైంది. అదే కాలంలో జూనియర్ డాక్టర్ల పనిగంటలకు ఐరోపాలో, అమెరికాలో హద్దులు వచ్చాయి. యాంటీబయాటిక్స్ వచ్చిన నలభైల నుంచే చీము పట్టిన మాస్టాయిడ్ కేసులు ఆ దేశాల్లో తగ్గుతూ వచ్చాయి. ఈ మూడూ సమాజానికి మేలు చేసిన మార్పులే. మూడూ కలిసి, నేర్చుకునే డాక్టర్ చేతిలోకి వచ్చే ఎముకల సంఖ్యను తగ్గించాయి.

వీఆర్ చెవిలోకి వచ్చింది ఈ ఖాళీలోకి. 1990ల నడుమ మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో మాసీ, సాలిస్‌బరీ చేసిన ఫాంటమ్ అనే చిన్న యంత్రపు చెయ్యి, తెర మీది వస్తువు తగిలినట్టు మన చేతికి తోపు ఇవ్వగలిగింది. 2002 నాటికి హాంబర్గ్‌లో వాక్సెల్‌మాన్ బృందమూ, అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ బృందమూ కణత ఎముకను తెర మీద తొలిచే పద్ధతులను ప్రచురించాయి. తర్వాత స్టాన్‌ఫర్డ్, మెల్‌బోర్న్, డెన్మార్క్. ఇన్ని అవయవాలు ఉండగా చెవి ఇంత త్వరగా ముందుకు రావడానికి కారణం చెవి స్వభావంలోనే ఉంది. కాలేయం నొక్కితే లొంగుతుంది, పేగు జారుతుంది, ఆ వంపులన్నీ లెక్కగట్టడం కంప్యూటర్‌కు మహా భారం. ఎముక కదలదు, వంగదు, ఉన్నది ఉన్నట్టు తరుగుతుంది. పైగా డాక్టర్ చూసేది ఎలాగూ సూక్ష్మదర్శిని గుండా, చిన్న వెలుగు వలయంలో. తన చేతులను కూడా తాను చూడడు. తెరకూ అసలుకూ మధ్య దూరం వేరే ఆపరేషన్లలో ఉన్నంత ఇక్కడ లేదు. సీటీ స్కాన్ పొరలను పేర్చి ఎముకను లక్షల బుల్లి ఘనాలుగా విడగొడతారు, డ్రిల్ మొన తగిలిన చోట ఆ ఘనాలు చెరిగిపోతాయి. చేతికి తగిలే తోపును యంత్రం సెకనుకు వెయ్యిసార్లు లెక్కగడుతుంది, అంతకంటే తగ్గితే గట్టి ఎముక కూడా చేతికి వణుకుతున్నట్టు తగులుతుంది. ఏ క్షణంలో ముఖనాడికి ఎంత దగ్గరకు వెళ్ళారో, ఎక్కడ చూడకుండా తొలిచారో అంతా నమోదవుతుంది. శవపు ఎముక ఒకసారి తొలిస్తే అయిపోతుంది. తెర మీది ఎముక మళ్ళీ నిండుగా ముందుకు వస్తుంది.

దీని మీద మొదటి అభ్యంతరం అనుభవజ్ఞులైన సర్జన్లది: ఇది ఎముక కాదు. తోపు వస్తుంది కానీ చాలా పరికరాల్లో మొన మెలిపెట్టినప్పుడు వచ్చే తిరుగుడు చేతికి అందదు. రక్తం కారి దారి మూసుకుపోవడం సరిగా రాదు, ఎముక పొడి తడిసి పేరుకోవడం రాదు. మాట నిజమే. అయితే ఫార్మలిన్‌లో నానిన శవపు ఎముకలోనూ రక్తం కారదు. దాన్ని నూరేళ్ళకు పైగా గురువుగా ఒప్పుకున్నాం. సుశ్రుతుడి దోసకాయ దగ్గర నేర్చిన మాట ఇక్కడ పనికొస్తుంది. సాధన వస్తువును అది నేర్పే ఒక్క పని మీద పరీక్షించాలి. ఎముకను ఏ క్రమంలో తెరవాలి, మెదడు పొర హద్దును ఎక్కడ గుర్తుపట్టాలి, నాడి ఏ మలుపులో ఉంటుంది, ఎక్కడ మొన సన్నం చేసుకోవాలి, ఈ పాఠాలకు రక్తం అక్కర్లేదు. డెన్మార్క్ పరిశోధకుల పరీక్షల్లో బొమ్మను మరింత నిజంలా తీర్చిదిద్దినంత మాత్రాన నేర్పు పెరగలేదు. కొత్తవాడి మనసు మోయగలిగిన బరువుకు హద్దు ఉంది. చూడాల్సినవి పెరిగితే నేర్చుకునేది తగ్గవచ్చు. వాళ్ళే చూపిన ఇంకో సంగతి, ఒక్క రోజులో వరసగా చేసిన సాధన కంటే రోజులు విడదీసి చేసిన సాధన చేతిలో ఎక్కువ నిలిచింది. సంగీతం నేర్పే గురువులకు ఇది కొత్త కాదు. శవపు ఎముకతో అలా రోజుకు కొంచెం చేయించడం కళాశాలలకు కష్టం.

రెండో అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. తెర మీద బాగా చేసినవాడు మనిషి చెవిలో బాగా చేస్తాడని రుజువు ఏది? మెల్‌బోర్న్‌లో 2011లో వచ్చిన ఒక పరీక్షలో వీఆర్‌తో నేర్చినవాళ్ళు మామూలు పద్ధతిలో నేర్చినవాళ్ళ కంటే శవపు ఎముకను మెరుగ్గా తొలిచారు. మరుసటేడు ఒహాయో బృందం అనేక సంస్థల్లో చేసిన పరీక్షలో వీఆర్ గుంపుకూ శవపు ఎముక గుంపుకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెంటిలోనూ చివరి కొలత శవపు ఎముకే. రోగులకు ముఖనాడి దెబ్బలు తగ్గాయా అన్న కొలత ఈ రంగంలో చాలా అరుదు. ఒక కారణం, అటువంటి దెబ్బలు అనుభవజ్ఞుల చేతుల్లో అరుదు కాబట్టి తేడా తేల్చడానికి వేల ఆపరేషన్లు కావాలి. ఈ లోటు ఒప్పుకుంటూనే ఒక ఎదురు ప్రశ్న వెయ్యాలి: శవపు ఎముక సాధన రోగులకు మేలు చేసిందని మాత్రం ఎవరు ఎప్పుడు అలా లెక్కగట్టారు? ఎవరూ లెక్కగట్టకపోయినా, సాధన చెయ్యని డాక్టర్ చేతికి తమ బిడ్డ చెవి ఇవ్వడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. పాతదాన్ని అలవాటు మీద నమ్మి కొత్తదాన్ని రుజువు అడగడం న్యాయం కాదు, రెంటినీ అడగాలి.

మూడోది, యంత్రం గురువును తప్పిస్తుందేమోనన్న భయం. డెన్మార్క్‌లోనే చూసిన దాని ప్రకారం, తనంతట తాను సాధన చేసే కొత్తవాడు మొదట్లో త్వరగా పైకెక్కి, తర్వాత ఒకచోట ఆగిపోతాడు. యంత్రం తప్పును లెక్కపెడుతుంది. ఆ తప్పు ఏ ఆలోచన నుంచి పుట్టిందో చెప్పలేదు. నాడి ఎక్కడో తెలియక ముట్టాడా, తెలిసీ తొందరపడ్డాడా అన్నది పక్కన నిలబడ్డ గురువుకే తెలుస్తుంది. దీని వల్ల వీఆర్ పనికిరాదని తేలదు, వీఆర్ పక్కన గురువు కుర్చీ ఉండాలని తేలుతుంది. మార్కులు బాగా వచ్చాయి కదా అని పుట్టే అతి నమ్మకానికి కూడా విరుగుడు ఆ కుర్చీలోనే ఉంది.

ఈ వరసలో అన్నిటికంటే కొత్త మెట్టు, ఫలానా రోగి చెవినే ముందుగా తొలిచి చూడటం. ఆ రోగి సీటీ స్కాన్‌నే తెర మీద ఎముకగా మార్చుకుని, రేపు చేయబోయే దారిని డాక్టర్ ఈ రోజే నడిచి వస్తాడు. స్టాన్‌ఫర్డ్‌లోనూ కెనడాలోనూ లండన్‌లోనూ దీని మీద పని జరిగింది. సాధన చేసిన డాక్టర్లు తమ ధైర్యం పెరిగిందని చెప్పారు. ధైర్యం పెరగడమూ నేర్పు పెరగడమూ ఒకటి కాదు కాబట్టి ఆ మాటను నేను ఆచితూచి తీసుకుంటాను. స్కాన్‌కు ఎముక కనిపించినంత స్పష్టంగా మెత్తని కండ కనిపించదు. కొందరిలో ముఖనాడి మీద ఎముక కప్పు ఒకచోట లేకుండానే ఉంటుంది, ఆ కప్పు లేని చోటు స్కాన్‌లో తప్పిపోవచ్చు. తెర మీద దారి సాఫీగా ఉందని నమ్మి వెళ్ళిన చెయ్యి అక్కడే మోసపోతుంది. చీము చాలా ఏళ్ళు తిన్న చెవిలో ఈ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి ఈ మెట్టు ఇంకా శవపు ఎముకను మూలన పెట్టే స్థితిలో లేదు.

చీము తిన్న చెవి గురించిన ఈ మాట తెలుగు రాష్ట్రాలకు సూటిగా తగులుతుంది. చీము చెవి ధనిక దేశాల్లో తగ్గింది గానీ మన దగ్గర తగ్గలేదు. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికో విశాఖపట్నం ఈఎన్‌టీ ఆసుపత్రికో జిల్లాల నుంచి వచ్చే చెవులు పాఠ్యపుస్తకపు బొమ్మలోని చెవులు కావు. ఏళ్ళ తరబడి కారి, లోపలి గుర్తులు చెరిగిపోయినవి. ఆరోగ్యశ్రీ ప్రభుత్వ పథకం కింద పుట్టుచెవుడు పిల్లలకు లోపలి చెవిలో అమర్చే విద్యుత్ పరికరం, కోక్లియర్ ఇంప్లాంట్, అందడం మొదలయ్యాక పేద ఇంటి పిల్లల చెవుల్లోకి కూడా ఈ ఆపరేషన్ వచ్చింది. దానికి దారి ముఖనాడికీ రుచినాడికీ మధ్య కొద్ది మిల్లీమీటర్ల సందులోంచే, అదీ ఏడాది రెండేళ్ళ పసివాడి తలలో. ఇటీవల రెండు రాష్ట్రాల్లోనూ వైద్య కళాశాలలు జిల్లాలకు విస్తరించాయి. కళాశాలలు పెరిగినంత వేగంగా దానమిచ్చిన దేహాలు పెరగవు. ఉన్న దేహం మీద మొదటి హక్కు ఎంబీబీఎస్ విద్యార్థిది, ఈఎన్‌టీ పీజీ వంతు తర్వాత.

ఇక్కడ ఖర్చు సంగతి ఎత్తుతారు. హాంబర్గ్ లాంటి చోట్ల తయారైన పూర్తి యంత్రాలు ఖరీదైనవే. కానీ డెన్మార్క్‌లో సోరెన్‌సెన్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన విజిబుల్ ఇయర్ సిమ్యులేటర్‌ను ఇంటర్నెట్ నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు; ఆటలు ఆడే కంప్యూటర్‌లో ఉండే గ్రాఫిక్స్ కార్డూ, ఒక చిన్న స్పర్శ యంత్రమూ ఉంటే పని చేస్తుంది. కళాశాలలకు అసలు కొరత టైంటేబుల్లో గంటలది, పక్కన కూర్చునే గురువుది. వారానికి ఒక పూట విడదీసి, తెర మీద హద్దులు చేతికి వచ్చేదాకా చేయించి, ఆ తర్వాతే దొరికిన ఒక్క శవపు ఎముకను చేతికిస్తే, ఆ ఎముక అడ్డదిడ్డపు తొలి తప్పులకు వృథా కాదు. ఎముక పొడి, తడి, మెత్తని పొర లొంగే తీరు లాంటి, తెర చెప్పలేని పాఠాలకే అది మిగులుతుంది. ఆ డెన్మార్క్ సిమ్యులేటర్‌లోని చెవి కూడా గాలిలోంచి పుట్టింది కాదు: చనిపోయిన ఒక మనిషి కణత ఎముకను గడ్డకట్టించి, పొరలు పొరలుగా కోసి, ఒక్కో పొరనూ ఫొటో తీసి కట్టినది. పూర్వం ఒక ఎముక ఒక్క విద్యార్థికి ఒక్కసారే నేర్పేది. ఈ ఒక్క చెవి మీద ఎన్నో దేశాల డాక్టర్లు తప్పు చేసి, మళ్ళీ మొదలుపెట్టి, నేర్చుకుంటున్నారు.